జపాను పాత బొమ్మకార్డు: ముందు వెనక్కి తిప్పండి

కార్డు చేతికి రాగానే కళ్ళు బొమ్మ మీదకే పోతాయి. కాసేపు ఆగి, చిరునామా వైపు తిప్పండి. వయసు చెప్పేది అదే.

మొదట చిరునామాకూ కబురుకూ మధ్య గీత ఉందో లేదో చూడండి. జపానులో ప్రైవేటు బొమ్మకార్డులకు 1900 అక్టోబరులో అనుమతి వచ్చింది. 1907 దాకా చిరునామా వైపు కబురు రాయకూడదు. అందుకే ఆనాటి కార్డుల్లో క్షేమసమాచారాలు బొమ్మ అంచుల్లో, ఆకాశంలో ఇరుక్కుని కనిపిస్తాయి. నాకు అవంటే ప్రాణం. కబురుకు మూడోవంతు చోటు వదిలి గీత ఉంటే 1907కీ 1918కీ మధ్యది, సరిగ్గా సగానికి ఉంటే ఆ తర్వాతది.

ఇక పైన అచ్చయిన పేరు. కుడి నుంచి ఎడమకు చదవండి: 'యూబిన్ హగాకి', అంటే పోస్టుకార్డు. నోటితో 'హగాకి' అనే అన్నా, 1933 దాకా అచ్చులో 'హకాకి' అనే ఉండేది. ఆ ఏడాది 'క' పక్కన రెండు చిన్న గీతలు చేరి 'గ' అయింది. ఆ గీతల కోసం భూతద్దం పట్టండి.

తపాలా ముద్రలో ఉండేది చక్రవర్తి పాలనా సంవత్సరం. ఆ అంకెకు, పాలన పేరు మెయిజీ అయితే 1867, తైషో అయితే 1911, షోవా అయితే 1925 కలపండి.

నా దగ్గర టోక్యోలో అసాకుసా అనే పేటలోని ర్యోఉన్‌కాకు గోపురం కార్డు ఒకటుంది. 1890లో కట్టిన పన్నెండంతస్తుల మేడ. గీత సగానికి ఉంది, ముద్ర తైషో 9, అంటే 1920. మూడేళ్ళకే, 1923 సెప్టెంబరు 1 భూకంపంలో ఆ మేడ విరిగిపోయింది. బొమ్మలో కొలను గట్టున కిమోనో మీద ఫెల్టు టోపీ పెట్టుకున్న మనిషి, పక్కన తమ్ముణ్ణి వీపున కట్టుకున్న పిల్ల. చంటివాడు కదిలినట్టున్నాడు, తల మసకబారింది.

అయితే ఫొటో కూడా 1920దే అనుకోకండి. పాత ఫొటోలనే ఏళ్ళ తరబడి మళ్ళీ అచ్చేసేవారు. ఫొటో వయసు బొమ్మలోనే వెతకాలి: టోక్యో వీధిలో కరెంటు ట్రాము కనిపిస్తే 1903కి ముందుది కాదు.

రంగుల్ని మాత్రం నమ్మొద్దు. నలుపు తెలుపు అచ్చు మీద చేత్తో పూసినవే ఎక్కువ. ఒక అమ్మాయి నడుముపట్టీ ఎర్రదని శ్రద్ధగా రాసుకున్నాను. అదే కార్డు ఇంకో ప్రతి దొరికింది, అందులో ఊదారంగు!

స్టాంపు ఊడదీయడానికి తడపకండి, ఆ రంగులు కారిపోతాయి. తేదీలు కవరు మీద పెన్సిలుతో రాయండి, కార్డుకొకటి, ఫొటోకొకటి.