పాత ట్రాన్సిస్టర్లతో పని - 4వ పాఠం: అరచేతి వేడికే కదిలే జెర్మేనియం

చిన్న ట్రాన్సిస్టర్ల కాళ్లు గుర్తుపట్టడం క్రిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి పవర్ ట్రాన్సిస్టర్. ఏడీ149 గానీ ఓసీ26 గానీ (రెండూ పాత జెర్మేనియం పవర్ ట్రాన్సిస్టర్లే) ఉంటే బల్ల మీద పెట్టుకోండి.

ముందు దాని పుట్టుక. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్ పనిచేయించిన తొలి ట్రాన్సిస్టర్ శక్తి మిల్లీవాట్లలోనే ఉండేది. స్పీకరు గట్టిగా మోగాలంటే వాట్లు కావాలి. 1950ల మొదట్లో వచ్చిన అల్లాయ్ పద్ధతి అందుకు దారి వేసింది. పలుచని ఎన్-రకం (ఎలక్ట్రాన్లు ఎక్కువున్న) జెర్మేనియం బిళ్లకు చెరోవైపు ఇండియం పూస పెట్టి కొలిమిలో వేడి చేసేవారు. 157 డిగ్రీలకే కరిగే ఇండియం, వేడి పెరిగేకొద్దీ తనకు ఆనుకున్న జెర్మేనియాన్ని కొంత కలుపుకుంటుంది. చల్లారేటప్పుడు అదే పీ-రకంగా (ఎలక్ట్రాన్ల కొరత ఉన్నదిగా) గడ్డకడుతుంది. పెద్ద పూస కలెక్టర్, చిన్నది ఎమిటర్, మధ్య బిళ్ల బేస్.

వేడంతా పుట్టేది కలెక్టర్ దగ్గరే. అందుకే దాన్ని లోహపు డబ్బాకే అతికించారు. మీరు పట్టుకున్న ఆ డబ్బాయే కలెక్టర్!

అమెరికాలో మొదట దీన్ని అక్కున చేర్చుకున్నది కారు రేడియో. ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు వాల్వులకు ఎక్కువ వోల్టేజీ ఇవ్వడానికి అందులో వైబ్రేటర్ (కరెంటును టకటకా తెంపి కలిపే స్విచ్చు) ఉండేది. దాని కొసలు అరిగిపోయేవి. పవర్ ట్రాన్సిస్టర్‌కు 12 వోల్టుల బ్యాటరీ చాలు.

ఇక పరీక్ష. మల్టీమీటర్‌ను డయోడ్ స్థానంలో పెట్టండి. నల్ల తీగను ఒక కాలికి ఆనించి, ఎర్ర తీగను రెండో కాలికీ డబ్బాకూ తాకించండి. రెండుచోట్లా 0.2 వోల్టు దరిదాపుల్లో చూపిస్తే నల్ల తీగ ఉన్నదే బేస్. సిలికాన్ అయితే 0.6 చూపేది.

ఇప్పుడు 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను బేస్‌కు, మైనస్‌ను ఒక కిలోఓం రెసిస్టర్ మీదుగా డబ్బాకు కలపండి. ఎమిటర్‌ను వదిలేయండి. రెసిస్టర్ మీద వోల్టేజీ కొలవండి: ఒక వోల్టు అంటే ఒక మిల్లీఆంపియర్ లీకేజీ (ఆగాల్సిన చోట కారే కరెంటు). 9 వోల్టులకు దగ్గరగా ఉంటే జంక్షన్ (పీ, ఎన్ రకాలు కలిసే చోటు) పోయినట్టే.

డబ్బాను గుప్పిట్లో బిగించి ఒక నిమిషం ఆగండి. అంకె మెల్లగా పైకి పాకుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని దృశ్యం ఇది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే జెర్మేనియం లీకేజీ దాదాపు రెట్టింపవుతుంది. సర్క్యూట్‌లో ఆ లీకేజీని ట్రాన్సిస్టరే పెంచుకుంటుంది. కరెంటు వేడిని, వేడి కరెంటును పెంచుతూ పోయి చివరికి జంక్షన్ కాలిపోతుంది. నాటి ఇంజనీర్ల పోరాటమంతా దీనితోనే.

చల్లగా ఉన్నప్పటి అంకె, గుప్పిట్లో వచ్చిన అంకె రెండూ రాసి పెట్టుకోండి. ఎమిటర్‌లో అర ఓము రెసిస్టర్ ఈ పరుగును ఎలా ఆపుతుందో వచ్చే పాఠంలో ఆ అంకెలతోనే లెక్కకడదాం.