పడవలోని గడువు తీరిన ఫ్లేర్లను ఏం చేయాలి?

సముద్రంలో ఆపద వచ్చినప్పుడు సాయం కోరుతూ మంటతోనో పొగతోనో సంకేతమిచ్చే సాధనమే ఫ్లేర్. గడువు తీరిన ఫ్లేర్ పనికిరాని వస్తువే గానీ, ప్రమాదం లేని వస్తువు మాత్రం కాదు. తేదీ దాటిందంటే, ఆపదలో అది కచ్చితంగా వెలుగుతుందని తయారీదారు ఇచ్చిన భరోసా ముగిసిందని మాత్రమే అర్థం. లోపలి మెగ్నీషియం, అది మండడానికి ఆక్సిజన్ అందించే రసాయనం, దాన్ని అంటించే ఇగ్నైటర్ ఎక్కడికీ పోవు. ఈ సంగతి తెలియకనే కొందరు వాటిని చెత్తలో పారేస్తున్నారు, కొందరు సముద్రంలోకి విసురుతున్నారు, ఇంకొందరు వేడుకల రాత్రి బాణసంచాలా కాల్చేస్తున్నారు. ఈ మూడూ తప్పే. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా, పేలుడు పదార్థాలను తీసుకునే అధికారం ఉన్నవారికి అప్పగించడమే సరైన పని.

ఇందుకు మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు, మూత ఉన్న పొడి ప్లాస్టిక్ డబ్బా, నింపడానికి పాత గుడ్డలు, మార్కర్ పెన్ను చాలు. కొత్త ఫ్లేర్లు పడవలోకి చేరాకే పాతవి దించాలి. ఒక్క పూట కూడా పడవను ఫ్లేర్లు లేకుండా ఉంచకూడదు.

మొదట అన్నింటినీ ఒకచోటికి చేర్చాలి. అరల్లో, అత్యవసర సంచిలో, లైఫ్ జాకెట్ జేబుల్లో వెతకాలి. ఆపదలో పడవను వదిలి ఎక్కే తెప్పను, అంటే లైఫ్ రాఫ్ట్‌ను, మాత్రం విప్పకూడదు, అందులోని ఫ్లేర్లను సర్వీసింగ్ చేసేవారే మారుస్తారు. తేదీని పెట్టె మీద కాకుండా ఒక్కొక్క ఫ్లేర్ ఒంటి మీదే చదవాలి, ఎందుకంటే ఒకే పెట్టెలో వేర్వేరు సంవత్సరాల సరుకు కలిసిపోవడం మామూలే. సాధారణంగా గడువు తయారీ నుంచి మూడేళ్లు, అమెరికాలో 42 నెలలు. చేతిలో పట్టుకునేవి, పైకెగిరి పారాచూట్‌తో మెల్లగా దిగుతూ వెలిగే పారాచూట్ రాకెట్లు, పొగ డబ్బాలు వేరు చేసి, ఏవి ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి.

తర్వాత ఫోన్ చేయాలి. కొత్తవి అమ్మిన దుకాణం పాతవి తీసుకుంటుందేమో ముందు అడగాలి. లేకపోతే లైఫ్ రాఫ్ట్ సర్వీసింగ్ కేంద్రం, హార్బర్ కార్యాలయం, కోస్ట్ గార్డ్, అగ్నిమాపక శాఖ, పోలీసులు. ఎవరు తీసుకుంటారన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల రుసుము కూడా ఉంటుంది. చెప్పకుండా తీసుకెళ్లి గుమ్మం ముందు పెట్టి వచ్చేయడం మాత్రం క్షమించరాని పని.

అసలు జాగ్రత్త అంతా ఫ్లేర్లను పరిశీలించి సర్దడంలో ఉంది. ఎక్కువమంది తొందరపడి తప్పు చేసేది ఇక్కడే. ఒక్కొక్కదాన్ని తీసి, రెండు కొనలూ ముఖానికి గానీ పక్కవారికి గానీ ఎదురు కాకుండా పట్టుకుని చూడాలి. మూత బిగుతుగా ఉండి, ఒళ్లు పొడిగా, నున్నగా ఉంటే దాన్ని సర్దవచ్చు. అట్ట గొట్టం ఉబ్బిందా, అతుకు దగ్గర తెల్లటి పొడి కనిపిస్తోందా, అడుగున తుప్పు తిన్నదా, మూత ఊడి లాగే తాడు బయటికి వేలాడుతోందా అన్నది చూడాలి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక దాన్ని ముట్టుకోకూడదు. తుడవడం, మూత తిప్పి బిగించడం, తాడును వేలితో లోపలికి నెట్టడం వంటివేవీ చేయకూడదు. ఉన్నచోటే వదిలి, మనుషులను దూరంగా పంపి, అధికారులకు ఫోన్ చేసి దాని పరిస్థితి వివరించాలి. వారే వచ్చి తీసుకెళ్తారు. ఒకసారి లాగినా వెలగని ఫ్లేర్ విషయంలోనూ ఇంతే. అది ఆలస్యంగా అంటుకోవచ్చు కాబట్టి, ఎందుకు వెలగలేదోనని కొన దగ్గర కన్ను పెట్టి చూడటం ప్రాణాలతో చెలగాటం.

బకెట్ నీళ్లలో నానబెడితే నిర్వీర్యమవుతుందన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది, దాన్ని నమ్మకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేతి ఫ్లేర్ 100 మిల్లీమీటర్ల లోతు నీటిలో 10 సెకన్లు మునిగినా మండుతూనే ఉండాలి. సముద్రంలో వాడటానికే తయారైన వస్తువును నీరు పాడుచేస్తుందని అనుకోవడంలో అర్థం లేదు. తడి లోపలికి చేరినా మేలు జరగదు: మెగ్నీషియం నీటితో కలిస్తే మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది, పైగా ఆ బకెట్ నీళ్లను ఎక్కడ పారబోయాలన్నది మరో సమస్య అవుతుంది. కోసి మందు బయటికి తీయాలన్న ఆలోచన అంతకన్నా ఘోరం.

సాధన కోసం కాల్చుకుంటే తప్పేమిటని అడిగేవారూ ఉన్నారు. ఎర్ర ఫ్లేర్ అంతర్జాతీయ నౌకాయాన నియమాలు గుర్తించిన ఆపద సంకేతం, ఆపద లేనప్పుడు దాన్ని వాడటం నిషిద్ధం. పారాచూట్ రాకెట్ కనీసం 300 మీటర్ల ఎత్తుకు వెళ్లి 40 సెకన్లకు తగ్గకుండా వెలుగుతుంది. దాన్ని ఎంతో దూరం నుంచి చూసిన వారు నిజంగానే సాయానికి బయలుదేరుతారు, ఆ సమయంలో నిజమైన ఆపదలో ఉన్నవారికి ఆ సాయం అందకుండా పోవచ్చు. సాధన అవసరమే, కానీ అది అనుమతి ఉన్న శిక్షణ కేంద్రంలో జరగాలి.

బాగున్న వాటిని వాటి సొంత పెట్టెలోనో, ప్లాస్టిక్ డబ్బాలోనో కదలకుండా గుడ్డల మధ్య పడుకోబెట్టి, డబ్బా మీద 'గడువు తీరిన ఫ్లేర్లు' అని పెద్ద అక్షరాలతో రాయాలి. సొంత వాహనంలో, మనుషులు కూర్చునే చోటికి దూరంగా పెట్టి, మధ్యలో ఎక్కడా ఆగకుండా వెళ్లాలి. ఎండలో నిలిపిన కారులో వాటిని వదిలేయకూడదు. బస్సు, రైలు, విమానం, తపాలా దేనిలోనూ పంపే ప్రసక్తే లేదు. ఎక్కువ సంఖ్యలో ఉంటే రవాణాకు అనుమతి కావాలేమో ఫోన్ చేసినప్పుడే అడగాలి.

పాత ఫ్లేర్లను కొత్తవాటితో పాటు పడవలో అదనంగా ఉంచుకోవచ్చని కొన్ని దేశాల నియమాలు ఒప్పుకుంటాయి. నేను మాత్రం ఒప్పుకోను. చీకట్లో, ఊగుతున్న పడవలో, వణికే చేతికి ముందు తగిలేది పాతదే అయితే, కొత్తది ఉండి ప్రయోజనం లేదు.

అప్పగించాక రసీదు అడిగి తీసుకోవాలి. కొత్త ఫ్లేర్లలో అన్నిటికన్నా ముందు ముగిసే గడువును పడవ వివరాలు నమోదు చేసే లాగ్ పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి.