ట్రాలీ యాక్సిల్ నట్టనడుమ పెట్టియ్యకుండ్రి

మినీ ట్రాక్టర్‌కు సొంతంగ చిన్న ట్రాలీ చేపిచ్చుకునేటోళ్లు ముందుగాల యాక్సిల్ (చక్రాల ఇరుసు) సంగతి చూసుకోండ్రి. చూడ మంచిగుంటదని కొందరు వెల్డర్లు సరిగ్గ నడుమ అతుకుతరు. అట్ల వద్దు. 8 అడుగుల బాడీ అయితే నడుమ నుంచి ఓ 10 అంగుళాలు వెనక్కి జరపాలె. మొత్తం బరువుల 10 నుంచి 15 శాతం ట్రాక్టర్‌కు తగిలిచ్చే హుక్కు మీద పడాలె, అంటే 500 కిలోలకు 50-75 కిలోలు. బస్తాలు తూచే కాంట మీద హుక్కు ఆనిస్తే తెలిసిపోతది. వెనక బరువెక్కిందా, హుక్కు పైకి లేస్తది, స్పీడ్ల ట్రాలీ పాములెక్క ఊగుతది.

పూర్తి వెల్డింగ్‌కు ముందు టాకాలే (చిన్న చిన్న అతుకులు) ఏపిచ్చి, హుక్కు బొక్క నుంచి యాక్సిల్ రెండు కొసలకు టేపు పట్టుండ్రి. రెండు కొలతలు ఒక్కతీరు రాకుంటే బండి వంకరగ నడుస్తది, టైర్లు జల్ది అరుగుతయి. వెల్డర్‌కు చిరాకైనా సరే, దగ్గరుండి కొలిపియ్యండ్రి.

పక్క రేకులు మాత్రం అతికియ్యకుండ్రి. చుట్టూ పైపు ముక్కలు పెట్టిచ్చి, అండ్ల దిగే కడ్డీలకు రేకులు బిగిచ్చుకోవాలె. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి ఏసుకపోతే ఎత్తు జాలీ, పెంటకు పొట్టి రేకు, బోరు పైపులకైతే ఏదీ వద్దు.

వెనక ఎర్ర రేడియం స్టిక్కర్ తప్పకుండ ఉండాలె, లేకుంటే రాత్రిపూట రోడ్డు పక్కన ఆపిన ట్రాలీ లారీలోళ్లకు కనవడదు.