పాత ఆక్టేవియా విఆర్ఎస్‌కి ఏ ఆయిల్ పోయాలి: ముందు జబ్బు చూడండి, తర్వాత డబ్బా కొనండి

2004లో మన దేశంలో అమ్మకానికొచ్చిన స్కోడా ఆక్టేవియా విఆర్ఎస్‌ని ఇప్పటికీ ప్రాణంలా చూసుకునేవాళ్లు ఉన్నారు. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, సిలిండర్‌కి ఐదు చొప్పున 20 వాల్వులు, 150 హార్స్‌పవర్. వీళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే, ఏ ఆయిల్ పోయాలి అని. జవాబు చిన్నదే: 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్, డబ్బా వెనక వీడబ్ల్యూ (వోక్స్‌వ్యాగన్) 502 00 అప్రూవల్ ఉండాలి. పట్టేది సుమారు నాలుగున్నర లీటర్లు.

అసలు గొడవ దాని తర్వాతే మొదలవుతుంది. బండి ఏదో సౌండ్ చేస్తుంది, లేదా పొగ వదులుతుంది, అప్పుడు ఎవరో ఒకాయన వచ్చి "పాత ఇంజిన్ కదా సార్, చిక్కటి 20డబ్ల్యూ-50 కొట్టండి, సెట్ అయిపోద్ది" అంటాడు. సౌండ్ తగ్గుతుంది కూడా, అందుకే ఈ సలహా ఇన్నేళ్లుగా బతికుంది. జబ్బు మాత్రం లోపల అలాగే ఉండి, ఆరు నెలల తర్వాత టర్బో రూపంలో బిల్లు పంపిస్తుంది. కాబట్టి గ్రేడ్ మార్చే ముందు లక్షణం ఏమిటో చూడండి.

ఇంజిన్ బాగా కాగాక ఎర్ర ఆయిల్ లైట్, బీప్ బీప్

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. పసుపు రంగులో ఆయిల్ డబ్బా బొమ్మ వస్తే లెవెల్ తగ్గిందనో సెన్సర్ పోయిందనో అర్థం, ఆయిల్ కలిపి నెమ్మదిగా ఇంటికెళ్లొచ్చు. ఎరుపు వస్తే ప్రెషర్ లేదని. హైదరాబాద్-విజయవాడ హైవే మీద ఉన్నా సరే, పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. "ఇంకో పది కిలోమీటర్లే కదా" అనుకుంటే ఆ పది కిలోమీటర్లలోనే బేరింగులు పోతాయి.

కారణం చాలాసార్లు ఛాంబర్, అంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, అడుగున ఉంటుంది. ఆయిల్ పంపు పీల్చుకునే గొట్టం చివర ఒక సన్నటి జాలీ ఉంటుంది, దాన్నే స్ట్రైనర్ అంటారు. ఏళ్ల తరబడి మామూలు మినరల్ ఆయిల్ పోసి, పదిహేను వేల కిలోమీటర్ల దాకా మార్చకుండా నడిపితే టర్బో వేడికి ఆయిల్ మాడి తారులాంటి నల్లటి జిగురవుతుంది, అదొచ్చి జాలీకి పట్టేస్తుంది. ఇదే 1.8 టర్బో కుటుంబం ఇంజిన్‌తో అమెరికాలో అమ్మిన పసాట్, ఆడి ఏ4 కార్లలో ఈ జిగురు (స్లడ్జ్) గొడవ ఎంత ముదిరిందంటే 2004లో వోక్స్‌వ్యాగన్ ఆ ఇంజిన్లకి వారంటీని ఎనిమిదేళ్లకి పెంచాల్సి వచ్చింది. వాటిలో ఇంజిన్ బండి పొడవు వెంట కూర్చుంటుంది, ఆయిల్ కూడా తక్కువ పడుతుంది కాబట్టి అక్కడ సమస్య ఎక్కువ. మన ఆక్టేవియాలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, ఆయిల్ కాస్త ఎక్కువే పడుతుంది, అలాగని పూర్తిగా నిశ్చింతేమీ లేదు.

ఈ జాలీలో ఇంకో చెత్త కూడా దొరుకుతుంది. డిప్‌స్టిక్ దూర్చే గొట్టం పైన నారింజ రంగు ప్లాస్టిక్ గరాటు ఒకటి ఉంటుంది చూడండి, వేడికి అది పెళుసెక్కి చేత్తో ముట్టుకుంటే చాలు అప్పడంలా విరుగుతుంది. ఆ ముక్కలు కింద పడేది నేరుగా ఛాంబర్‌లోకే. చాలా చవకైన పార్టు, రంగు వెలిసిందంటే విరిగేదాకా ఆగకుండా మార్చేయండి.

పరిష్కారం: ముందు ప్రెషర్ స్విచ్ ఊడదీసి అక్కడ మెకానికల్ గేజ్ పెట్టించి, ఆయిల్ 80 డిగ్రీలకి వచ్చాక ఐడిల్‌లో ఒకసారి, 2000 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి చూసి సర్వీస్ మాన్యువల్ అంకెతో పోల్చాలి. ప్రెషర్ బాగుంటే తప్పు స్విచ్‌దే, తక్కువలో బయటపడ్డట్టు. తక్కువ ఉంటే ఛాంబర్ దించి స్ట్రైనర్ శుభ్రం చేయించండి, వీలైతే కొత్తదే వేయించండి. ఫ్లష్ ఆయిల్ పోసి కడిగేద్దాం అన్న మాట ఇక్కడ మాత్రం వినొద్దు, అప్పటిదాకా గోడలకి అంటుకుని ఊరుకున్న స్లడ్జ్ పెచ్చులుగా లేచి ఒకేసారి జాలీని మూసేస్తుంది.

చిక్కటి ఆయిల్ పోస్తే ఈ లైట్ ఆరిపోవచ్చు. గేజ్‌లో ప్రెషర్ కనిపిస్తుంది గానీ జాలీ మూసుకున్న ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పంపుకి అందడమే కష్టం, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టర్బో దాకా చేరడానికి ఇంకా ఆలస్యం.

పొద్దున సెల్ఫ్ కొట్టగానే టిక్ టిక్

రెండు మూడు సెకన్లలో ఆగిపోతే టెన్షన్ అక్కర్లేదు. ఇందులో ఉన్నవి హైడ్రాలిక్ టాపెట్లు, అంటే వాల్వులని నొక్కే, లోపల ఆయిల్ నిండే ముక్కలు, రాత్రంతా నిలబడితే వాటిలో ఆయిల్ కొంచెం దిగిపోతుంది. ఇంజిన్ వేడెక్కేదాకా కొడుతుంటే మొదట లెవెల్ చూడండి, తర్వాత ఫిల్టర్. చవక ఫిల్టర్లలో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు నాసిగా ఉంటుంది, దాంతో రోజూ పొద్దున ఇంజిన్ పైభాగం పొడిగానే మొదలవుతుంది. మంచి ఫిల్టర్ వేసి, 502 00 ఆయిల్ పోసి ఓ వెయ్యి కిలోమీటర్లు చూశాకే టాపెట్ల జోలికి వెళ్లండి.

టిక్ టిక్ బదులు గియర్‌బాక్స్ వైపు నుంచి గరగరమని గొలుసు చప్పుడు వస్తే అది టాపెట్ కాదు. రెండు క్యామ్‌షాఫ్టులని కలిపే చిన్న చైన్ అక్కడే ఉంటుంది, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది. దాని ప్లాస్టిక్ ప్యాడ్ అరిగితే ఆ ముక్కలు కూడా చేరేది పైన చెప్పిన జాలీలోకే. టెన్షనర్ మార్చడమే దారి.

నీలం పొగ, ఆయిల్ తగ్గడం

ఎప్పుడు వస్తుందో గమనించండి, సగం జవాబు అందులోనే ఉంది. పొద్దున స్టార్టింగ్‌లో ఒక్క బుస్సుమని వచ్చి పోతే వాల్వ్ సీళ్లు. సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి, మళ్లీ తొక్కినప్పుడు మేఘంలా వస్తే టర్బో సీల్ మీద అనుమానం, కానీ టర్బో విప్పించే ముందు ఇంజిన్ లోపలి గాలిని బయటికి లాగే బ్రీదర్ పైపులు చూడాలి. ఇంటేక్ మానిఫోల్డ్ కింద దాక్కున్న ఈ రబ్బరు పైపులు మెత్తబడి చీలిపోతాయి, చెక్ వాల్వు ఇరుక్కుపోతుంది, క్రాంక్‌కేస్‌లో, అంటే ఇంజిన్ కింది భాగంలో, గాలి నిండిపోయి ఆయిల్‌ని దొరికిన సందులోంచల్లా తోస్తుంది. టర్బో ధరతో చూస్తే వీటి ఖర్చు చిల్లరే. ఎప్పుడూ పొగే అయితే కంప్రెషన్ టెస్ట్ చేయించండి, ఆ అంకెలు చూడకుండా బోర్ చేయించాలి అన్న మెకానిక్‌కి నమస్కారం పెట్టి వచ్చేయండి.

వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు దాకా తాగడం టర్బో పెట్రోల్‌లో మామూలేనని చాలా కంపెనీల మాన్యువళ్లే ఒప్పుకుంటాయి. ఆయిల్ వైపు నుంచి మీరు చేయగలిగింది ఒకటుంది: లేబుల్ మీద ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదార్ల సంఘం) ఏ3/బీ4 ఉందో లేదో చూడటం. ఆ తరగతిలో ఆవిరైపోయే వాటా 13 శాతం దాటకూడదని నియమం.

సింథటిక్ పోశాక కారడం మొదలైంది

సింథటిక్ సీళ్లని తినేస్తుందన్నది పాత అపోహ. గట్టిపడిన ప్యాకింగ్ సందుల్లో పేరుకున్న మడ్డిని కొత్త ఆయిల్ కడిగేసింది, దాక్కున్న లీకు బయటపడింది, అంతే. వాల్వ్ కవర్ ప్యాకింగ్, చైన్ టెన్షనర్ కింద సీలు, టర్బో నుంచి ఛాంబర్‌కి దిగే పైపు, ఈ మూడూ ముందు తుడిచి చూడండి.

ఆయిల్‌కి పెట్రోల్ వాసన, లెవెల్ పెరగడం

ఆయిల్ తగ్గలేదని సంతోషించకండి. ఈ ఇంజిన్‌లో ఇగ్నిషన్ కాయిల్స్ పోవడం పేరుమోసిన జబ్బు. ఒక సిలిండర్ మిస్ కొడుతుంటే కాలని పెట్రోల్ గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది. కాయిల్ మార్చి, ఆ ఆయిల్‌ని కిలోమీటర్లు లెక్కపెట్టకుండా పారబోయండి.

ఆయిల్ పోసే మూత కింద తెల్లటి మీగడ కనిపిస్తే, రోజూ మూడు కిలోమీటర్ల ఆఫీసు ప్రయాణమే అయితే అది తేమ, ఒక లాంగ్ డ్రైవ్‌తో పోతుంది. కూలెంట్ డబ్బాలో ఆయిల్ తేలుతుంటే మాత్రం హెడ్ విప్పకముందే ఆయిల్ కూలర్ చూడండి, ఫిల్టర్ దగ్గరే ఉంటుంది.

ఇక డబ్బా సంగతి

5డబ్ల్యూలోని 5 చలికి సంబంధించింది, దాని పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర జరుగుతుంది. లంబసింగిలో కూడా మనకి ఆ అవసరం రాదు, కాబట్టి 0డబ్ల్యూ-40కి ఎక్కువ డబ్బు పెట్టాలా అంటే, అప్రూవల్ ఉండి అదే ధరకి దొరికితే తీసుకోండి, లేకపోతే 5డబ్ల్యూ చాలు. మనకి ముఖ్యం రెండో అంకె. 150 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో ఆయిల్ పొర ఎంత నిలుస్తుందో కొలిచే హెచ్‌టీహెచ్‌ఎస్ విలువ 30 గ్రేడ్‌కి కనీసం 2.9 ఉంటే చాలు, 5డబ్ల్యూ-40కి 3.5 ఉండాలి. కొత్త వోక్స్‌వ్యాగన్లకి వాడే ఆకుపచ్చ 0డబ్ల్యూ-20, అంటే 508 00 రకం, ఖరీదు ఎక్కువ కదా మంచిదే అయ్యుంటుందని ఇందులో పోయకండి.

మోబిల్ 1 ఎఫ్ఎస్ 0డబ్ల్యూ-40, షెల్ హెలిక్స్ అల్ట్రా 5డబ్ల్యూ-40, మోటుల్ 8100 ఎక్స్-సెస్ లాంటివి 502 00 అప్రూవల్‌తో వచ్చినవే, అయినా ఫార్ములాలు మారుతుంటాయి కాబట్టి కొనే డబ్బా వెనక చదవండి. "అప్రూవల్" అని ఉంటే కంపెనీ పరీక్ష పాసైందని. "మీట్స్", "సూటబుల్ ఫర్" అని ఉంటే అది ఆయిల్ కంపెనీ సొంత మాట.

మార్పు పదిహేను వేలకి అని పుస్తకంలో ఉన్నా, ఈ వయసులో ఏడున్నర వేలకి లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. నకిలీ ఆయిల్ ఎక్కువైంది కాబట్టి బిల్లిచ్చే డీలర్ దగ్గరే కొని, మీ ఎదుటే సీలు తీయించండి. ఆటోనగర్‌లో చేయించినా, షోరూంలో చేయించినా ఖాళీ డబ్బాలు అక్కడ వదలకుండా అడుగున మేకుతో పొడిచి ఇంటికి తెచ్చుకోండి, లేకపోతే అదే డబ్బా ఇంకేదో ఆయిల్‌తో మళ్లీ అంగట్లోకి వస్తుంది.