ఎన్‌కౌంటర్ వార్త చదివేదెట్లా: ఒక వకీలు గుమాస్తా మాట

2019 డిసెంబర్ 6, శుక్రవారం. దిశ కేసు నిందితులు నలుగురినీ షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసులు కాల్చేసినారని పొద్దున్నే టీవీలో వచ్చింది. కడపలో మా కోర్టు ముందరి టీ అంగట్లో ఎవరో లడ్లు పంచుతున్నారు. "తిను సామీ, మంచి పనైంది" అని చేతిలో పెట్టినాడు. తిన్నా. అబద్ధమెందుకు, తియ్యగానే ఉండింది.

దీని మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే కాల్చినారని రాసినారు. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా రాసినారు. పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలన్నారు. అది తెలంగాణ హైకోర్టుకు పోయింది. ఆ లడ్డు మాత్రం నాకింకా అరగలేదు. ముప్పై ఏండ్లు వకీళ్ల ఫైళ్లు మోసినోన్ని, ఈ కాగితాలు యాడ పుట్టి యాడికి పోతాయో తెలుసు. తెలిసిందే చెప్తా.

మొదటి రోజు పేపర్లో వచ్చేది పోలీసుల ప్రెస్‌నోటు. లొంగిపొమ్మంటే వినలేదు, దాడి చేసినారు, ఆత్మరక్షణకు కాల్చినాం. నోటు నోటుకూ పేర్లు మారతాయి, వాక్యాలు మారవు. అట్లని అంతా అబద్ధమని కొట్టేయొద్దు, నిజంగా ప్రాణం మీదికొచ్చిన పోలీసులూ ఉంటారు. ఆత్మరక్షణ హక్కు మనకెంతో వాళ్లకూ అంతే. పెన్సిల్ తీసుకుని టైము కింద గీత పెట్టండి, ఎవరికి ఎక్కడ గాయమైందో దాని కింద పెట్టండి. చనిపోయినోడు అప్పటికే వాళ్ల కస్టడీలో ఉన్నాడా అనేది అన్నిటికన్నా ముఖ్యం. ఉంటే విచారణ జ్యుడీషియల్ మెజిస్ట్రేటే చేయాల.

"దొంగలే కదా, పోతే పోయినారు" అనే మాట 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది ఎర్రచందనం కూలీలు చనిపోయినప్పుడు నా చెవులారా విన్నా. చట్టం ఆ మాట అనదు. ఉరిగానీ యావజ్జీవంగానీ పడని నేరమైతే, అరెస్టు పేరుతో ప్రాణం తీసే హక్కు లేదని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 43వ సెక్షన్ చెప్తుంది.

తర్వాత ఎఫ్ఐఆర్. సున్నితమైనవి తప్ప మిగతావి 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. దొరికితే నిందితుల గడి చూడండి. చాలాసార్లు అక్కడ ఉండేది చనిపోయినోడి పేరే, హత్యాయత్నం కింద. ఫిర్యాదిదారు పోలీసాయనే. ఇప్పుడు ఆ కేసు ఎవరి చేతిలో ఉందో చూడాల. 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 సూత్రాలు పెట్టింది. కాల్చిన స్టేషనే దర్యాప్తు చేయకూడదు, సీఐడీ గానీ వేరే స్టేషన్ వాళ్లు గానీ చేయాల. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాల, వీడియో తీయాల. తుపాకులు పరీక్షకు అప్పజెప్పాల. సాహసం రుజువయ్యేదాకా పతకాలు, ప్రమోషన్లు ఇయ్యకూడదు. (శాలువాల సంగతి రాయలేదు, అది మన తెలివి.) ఇవి జరగకపోతే చనిపోయినోడి ఇంటివాళ్లు సెషన్స్ జడ్జికి అర్జీ పెట్టుకోవచ్చు. ఈ ముక్క తెలిసిన కుటుంబం నాకింతవరకు ఒక్కటీ తగల్లేదు.

ఇంక ఎవురూ చూడనిది మెజిస్టీరియల్ విచారణ ప్రకటన. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే ఈ విచారణ తప్పనిసరి. కస్టడీ చావు కాకపోతే మామూలుగా ఆర్డీవో చేస్తారు. ఫలానా తేదీన ఫలానా చోట జరిగిన ఘటన గురించి తెలిసినోళ్లు మా ఆఫీసుకొచ్చి చెప్పొచ్చని జిల్లా పేజీలో అగ్గిపెట్టంత ప్రకటన వస్తుంది, పెండ్లి సంబంధాల పక్కనో, పాసుబుక్కు పోయిందనే దాని కిందనో. ఒకసారి గడువు దాటిన మూడోనాడు ఉగ్గాని బజ్జీ కట్టిచ్చిన కాగితంలో చూసినా. నూనె మరకలో తేదీ తప్ప అన్నీ కనపడినాయి.

మీరు కండ్లారా చూసింటే పోండి. చూసింది మాత్రమే తెల్లకాగితం మీద రాయండి: ఎంత దూరం నుంచి చూసినారు, వెలుతురు ఉందా, ఎన్నిసార్లు శబ్దమైంది. "పోలీసులు చంపినారు" అని రాయొద్దు, అది మీరు తేల్చేది కాదు. సంతకం చేసి రెండు కాపీలు, ఆధార్ జిరాక్సు పట్టుకుని పోండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు తేదీతో ముద్ర వేయించుకోండి. గుమాస్తా సాయంత్రం రమ్మంటే ఆడనే బెంచీ మీద కూర్చోండి.