అమెరికా క్లయింటుకు ఇంటి నుంచి పని: మన వేళలను కాపాడుకోవడం ఎలా?

హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంట్లో కూర్చుని న్యూయార్క్ క్లయింటుకు పనిచేసేవారికి ఉదయం 9 గంటలకు మొదలైన రోజు రాత్రి 10 దాటినా ముగియదు. దీనికి పని భారం ఒక్కటే కారణం కాదు. అక్కడివారు ఉదయం 9:30కు పెట్టుకునే స్టాండప్ కాల్ (టీమంతా కలిసే రోజువారీ చిన్న సమావేశం) వేసవిలో మనకు రాత్రి 7 గంటలకు, శీతకాలంలో 8 గంటలకు వస్తుంది. ఆ కాల్‌ను తప్పించడం మన చేతిలో లేదు కాబట్టి, రాత్రి ఇచ్చిన సమయాన్ని పగటిపూట తిరిగి తీసుకోవడమే ఆచరణలో నిలిచే మార్గమని నా అభిప్రాయం.

ముందుగా ఒక వారం పాటు లాప్‌టాప్ తెరిచిన వేళ, మూసిన వేళ, మధ్యలో హాజరైన కాల్స్ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. దాన్ని ఎదురుగా ఉంచుకుని కొత్త వేళలు వేయండి. ఉదాహరణకు పగలు 11 నుంచి 5 వరకు, తిరిగి రాత్రి 7 నుంచి 9 వరకు పనిచేస్తే 8 గంటలు పూర్తవుతాయి. ఉదయమంతా మీ సొంతమవుతుంది.

ఈ వేళలను మాటగా కాక మెయిల్‌లో మేనేజరుకు తెలియజేయాలి. "ఈ వేళల్లో నేను అందుబాటులో ఉంటాను. ప్రొడక్షన్‌లో (క్లయింటు వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో) సమస్య వస్తే ఎప్పుడైనా ఫోన్ చేయండి, మిగిలిన సందేశాలకు మరుసటి రోజు 11:30లోపు జవాబిస్తాను" అని రాస్తే సరిపోతుంది. ఇందులో రెండో వాక్యం చాలా ముఖ్యం, ఎందుకంటే అత్యవసరమంటే ఏమిటో ముందే తేల్చకపోతే ప్రతి సందేశమూ అత్యవసరమే అవుతుంది. పనివేళల తరువాత సంప్రదింపులకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి చట్టబద్ధంగా అమలు చేస్తోంది. మన లోక్‌సభలో 2018లో ఇలాంటి ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యులు పెట్టేది) వచ్చినా అది చట్టం కాలేదు. అందువల్ల మనకు ఆ మెయిలే ఆధారం.

తరువాత అవే వేళలను ఔట్‌లుక్‌లో గానీ గూగుల్ క్యాలెండర్‌లో గానీ పనివేళలుగా నమోదు చేయండి. టీమ్స్, స్లాక్ యాప్‌లలో నోటిఫికేషన్లు ఆగే సమయాన్ని నిర్ణయించుకోవచ్చు. అన్నిటికన్నా కష్టమైనది వాట్సాప్‌లోని టీమ్ గ్రూపు, ఎందుకంటే అమ్మ పంపే ఫొటోలూ అదే యాప్‌కు వస్తాయి. ఆ గ్రూపును మ్యూట్ చేసి, అవసరమైతే ఫోన్ చేయమని అందరికీ చెప్పండి. రాత్రి 10 గంటలకు మెయిల్‌కో టీమ్స్, స్లాక్ సందేశానికో జవాబు రాయక తప్పదనిపిస్తే, రాసి మరుసటి ఉదయం వెళ్లేలా షెడ్యూల్ చేయండి. ఒకసారి ఆ వేళలో జవాబిస్తే, మరుసటి రాత్రి కూడా దాని కోసం ఎదురుచూస్తారు.

ఇంట్లోవారికి కూడా ఈ వేళలు చెప్పాలి. "ఇంట్లోనే ఉన్నావుగా" అన్న మాటతో గ్యాస్ సిలిండరు, కొరియర్, పిల్లల స్కూలు బస్సు అన్నీ ఒక్కరి మీదకే వచ్చి పడతాయి. ముఖ్యంగా ఆడవారి విషయంలో 5 నుంచి 7 వరకు మిగిలిన ఆ రెండు గంటలు టీలు పెట్టడానికి, రాత్రి వంటకు, పిల్లల హోంవర్కుకు ఖర్చయిపోతాయి. కాల్‌లో చేరే సమయానికి ఆమె అప్పటికే మరో షిఫ్టు పూర్తి చేసి ఉంటుంది. కాబట్టి కాల్స్ ఉండే రోజుల్లో రాత్రి వంట ఎవరిదో, పిల్లలను చదివించేది ఎవరో భార్యాభర్తలు, అత్తగారు ఉంటే ఆవిడతో కూడా కూర్చుని, వారం మొదట్లోనే పేర్లతో సహా నిర్ణయించుకోవాలి. సర్దుకుందాంలే అనుకుంటే ఆ పని మళ్లీ ఆమెదే అవుతుంది.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కు జరుగుతుంది. కాల్ అక్కడి సమయం ప్రకారం నమోదై ఉంటే నవంబరులో మన 7 గంటలు 8 అవుతాయి. దాన్ని అక్కడి 8:30కు జరపమని అక్టోబరు మధ్యలోనే అడగండి. మార్పు వచ్చాక అడిగితే అప్పటికే అక్కడివారి ఉదయాలు వేరే కాల్స్‌తో నిండిపోయి ఉంటాయి.