1942 స్టాన్లీ కప్ ఫైనల్‌ను విశాఖలో కూర్చొని చదవడం ఎలా?

విశాఖలో హాకీ అంటే మైదానంలో ఆడే ఆటే. మంచు హాకీని పోల్చి చూసుకోవడానికి మనకు దొరికేది, పార్కు రింకులో చక్రాల స్కేట్లతో తిరిగే పిల్లల వేగం మాత్రమే. అయినా ఉత్తర అమెరికా మంచు హాకీలో అతి పెద్ద బహుమతి అయిన స్టాన్లీ కప్ కోసం టొరంటో మేపుల్ లీఫ్స్, డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్లు 1942 ఏప్రిల్‌లో ఆడిన ఫైనల్‌ను అర్థం చేసుకోవడానికి ఒక నోటుపుస్తకం, కొంత ఓపిక చాలు. అందులో టొరంటో వరుసగా మూడు ఆటలు ఓడి, తర్వాతి నాలుగూ గెలిచింది. స్టాన్లీ కప్ ఫైనల్‌లో మరే జట్టూ ఆ పని చేయలేదు.

ముందుగా నియమాలలో అవసరమైనంతే నేర్చుకోండి. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు, గోల్ కాచే గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు, నాలుగు ఆటలు ముందుగా గెలిచినవారికి కప్పు. పవర్ ప్లే అనే మాట క్రికెట్ అభిమానులను తికమక పెడుతుంది. ఇక్కడ దాని అర్థం, ప్రత్యర్థి ఆటగాడు శిక్షగా బయట కూర్చున్నంతసేపు దొరికే సంఖ్యాబలం.

తర్వాత ఒక పట్టిక గీయండి. తేదీ, రింకు, స్కోరుతో పాటు ‘ముందటి ఆట తర్వాత ఏమి మారింది’ అనే నాలుగో గడి తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే ఈ సిరీస్ అర్థమయ్యేది అక్కడే. మొదటి ఆట ఏప్రిల్ 4న, రెండోది 7న, రెండూ టొరంటోలోనే జరిగాయి. ఆ రెండింటి మధ్య, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఆనాటి బాంబును చూసినవారు ఈ తేదీలను మళ్ళీ మరచిపోరు.

మొదటి మూడు వరుసలలో డెట్రాయిట్ విజయాలను 3-2, 4-2, 5-2 అని రాసుకోండి. నలభై ఎనిమిది ఆటల సీజన్‌లో టొరంటోకు 57 పాయింట్లు, డెట్రాయిట్‌కు 42 మాత్రమే వచ్చాయి కనుక ఈ అంకెలు వింతగా తోస్తాయి. డెట్రాయిట్ శిక్షకుడు జాక్ ఆడమ్స్ తన ఆటగాళ్ళ చేత పక్‌ను, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను, ప్రత్యర్థి ప్రాంతంలోకి బలంగా కొట్టించి, దాని వెంట పరుగు తీయించాడు. కాళ్ళలో వేగం తగ్గిన టొరంటో రక్షకులు వెనక్కి తిరిగేలోపే డెట్రాయిట్ ఆటగాళ్ళు పక్ దగ్గరకు చేరేవారు.

నాలుగో ఆటకు ముందున్న గడి దగ్గర ఎక్కువసేపు ఆగండి. టొరంటో శిక్షకుడు హ్యాప్ డే, జట్టుకు ముఖ్యమైన గోల్ స్కోరర్ గోర్డీ డ్రిలన్‌నూ, రక్షకుడు బకో మెక్‌డొనాల్డ్‌నూ పక్కన పెట్టి, నిక్ మెట్జ్ తమ్ముడు డాన్ మెట్జ్ వంటి చురుకైనవారిని దింపాడు. పద్నాలుగేళ్ళ బాలిక రాసిన ఉత్తరాన్ని ఆయన ఆటగాళ్ళకు చదివి వినిపించిన సంగతి ఎక్కువ ప్రసిద్ధం, అది వినడానికీ బాగుంటుంది. కానీ నా లెక్కలో ఆ గడిలో మొదట రాయవలసింది ఈ మార్పులనే.

ఏప్రిల్ 12న డెట్రాయిట్‌లో టొరంటో వెనుకబడి కూడా 4-3తో గెలిచింది. ఆట ముగియగానే ఆడమ్స్ మంచు మీదికి వెళ్ళి రిఫరీ మెల్ హార్వుడ్‌పై చేయి చేసుకొని సస్పెండ్ అయ్యాడు. అందువల్ల అయిదో వరుసలో మార్పు డెట్రాయిట్ వైపు రాయాలి: ఆ జట్టును నడిపే పని ఎబ్బీ గుడ్‌ఫెలోపై పడింది. ఆ ఆటలో 9-3తో టొరంటో గెలవగా, డాన్ మెట్జ్ మూడు గోల్స్ చేశాడు. ఆరో ఆటలో గోలీ టర్క్ బ్రోడా ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, స్కోరు 3-0.

ఏప్రిల్ 18 నాటి ఏడో ఆటను పీరియడ్ల వారీగా విడదీసి చదవాలి. రెండు పీరియడ్లు ముగిసేసరికి డెట్రాయిట్ 1-0తో ముందుంది. మూడో పీరియడ్‌లో స్వీనీ ష్రైనర్ పవర్ ప్లేలో స్కోరు సమం చేయగా, పీట్ లాంజెల్ ఆధిక్యం తెచ్చాడు, ష్రైనర్ మరో గోల్ చేశాడు, 3-1.

పట్టిక పూర్తయ్యాక ఇవే జట్ల 1945 ఫైనల్‌కు మరొకటి గీయండి. అప్పుడు టొరంటో మొదటి మూడు ఆటలూ గోల్ ఇవ్వకుండా గెలిచింది, డెట్రాయిట్ తర్వాతి మూడూ గెలిచింది, ఏడోది టొరంటో 2-1తో గట్టెక్కింది. ఈసారి నాలుగో గడిని డెట్రాయిట్ వైపు నుంచి నింపడం మొదలుపెట్టండి.